ఊ కొడితే ఊహ వస్తుందా?

ఘటోత్కచుడు అనగానే తెలుగువాళ్లకు ఒకటే మొహం గుర్తొస్తుంది. 1957లో మాయాబజార్ వచ్చిన దగ్గర్నుంచీ ఎస్వీ రంగారావు గద, ఆయన మీసం, ఆ నవ్వు మన బుర్రల్లో కొలువుదీరిపోయాయి. ఆ సినిమా రాకముందు ఘటోత్కచుడు ఎలా ఉండేవాడు? హరికథలో విన్నవాడికి ఒకలా, తోలుబొమ్మలాటలో నీడ చూసినవాడికి ఇంకోలా, అమ్మమ్మ పక్కలో పడుకుని విన్న పిల్లకు బహుశా వాళ్లూళ్లో బస్తాలు మోసే మనిషిలా. ఊరికో ఘటోత్కచుడు, ఇంటికో ఘటోత్కచుడు. రంగారావుగారు వచ్చి వాళ్లందరినీ మింగేశారు.

దీన్నిబట్టి బొమ్మ ఊహను చంపుతుందనీ, చెవి ఊహను పెంచుతుందనీ తేల్చేయడం తేలిక. చాలామంది తేల్చేస్తారు కూడా. పిల్లల చేతిలోంచి వీడియో లాక్కుని, బదులుగా ఆడియో కథలు పెడితే చాలనుకునే తల్లిదండ్రులు గుంటూరు, ఒంగోలుల్లోనూ ఉన్నారు. ఇంకో అడుగు ముందుకేసి, అసలు బడే పిల్లల సృజనను తొక్కేస్తోందనీ, ఇంట్లో చదివించుకుంటే మేలనీ అనేవాళ్లూ ఉన్నారు. తెల్లవారకముందే లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టే కార్పొరేట్ చదువులకు పుట్టినిల్లయిన ఈ చుట్టుపక్కల ఆ మాట వినపడటమే ఒక వింత. వింతైనా కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఈ రెండు నమ్మకాలనూ పరిశోధకులు కొంతవరకు కొలిచి చూశారు. వాళ్లు కొలవని చోట మన పల్నాడు, ఒంగోలు సీమల అనుభవం కొంత చెబుతుంది.

గోతంతో ఎన్ని పనులు?

సృజనను కొలవడమేమిటని అనిపిస్తుంది. 1950లో జె.పి. గిల్ఫర్డ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తమ వృత్తి సంఘం అధ్యక్షోపన్యాసంలో తోటివాళ్లను ఇదే నిలదీశాడు. తెలివిని ఇంతగా కొలుస్తున్నాం, సృజన జోలికి ఎందుకు పోవడం లేదని. ఆ ఊపులో పుట్టిన పరీక్షల్లో ఒకటి చాలా సులువు. ఏదో ఒక మామూలు వస్తువు పేరు చెప్పి, దాన్ని ఎన్ని రకాలుగా వాడొచ్చో చెప్పమంటారు. అక్కడ ఇటుక, పాత పేపరు లాంటివి అడుగుతారు. మన దగ్గరైతే మిరపకాయల ఖాళీ గోతం అడగాలి. సరుకు నింపుకోవచ్చనేది అందరూ చెప్పేదే. వానొస్తే మడిచి నెత్తిన కప్పుకోవచ్చు, గుమ్మంలో కాళ్లు తుడుచుకోవచ్చు, చలికి దూడ వీపున కట్టొచ్చు, గోతాల పరుగు పందెం పెట్టుకోవచ్చు. పల్లె పిల్లలు ఇవన్నీ టకటకా చెప్పేస్తారు. దిష్టిబొమ్మకు చొక్కా కుట్టొచ్చనే పిల్లాడు, దారాలు లాగి గాలిపటానికి తోక కట్టొచ్చనే పిల్ల ఏ నలుగురిలోనో ఒకరు ఉంటారు. మొత్తం ఎన్ని చెప్పారన్నది ఒక లెక్క, మిగతావాళ్లకు తట్టనివి ఎన్ని చెప్పారన్నది రెండో లెక్క. 1966లో ఇ. పాల్ టోరెన్స్ ఇటువంటివన్నీ కూర్చి తయారుచేసిన పరీక్షలు ఇవాళ్టికీ నడుస్తున్నాయి.

ఈ పరీక్షలను మరీ నెత్తిన పెట్టుకోకూడదు. కథ బాగా అల్లే పిల్ల లెక్కల్లో కూడా కొత్త దారి కనిపెడుతుందన్న పూచీ లేదని జాన్ బేర్ వంటి పరిశోధకులు చూపించారు. ఒకే పిల్లల చేత కథ రాయించి, పద్యం కట్టించి, బొమ్మ అతికించి, లెక్కల సమస్య తయారుచేయించి చూస్తే, ఒకదాంట్లో కనబడ్డ సృజనకూ ఇంకోదాంట్లో కనబడ్డదానికీ పొంతన చాలా తక్కువ. కాబట్టి రేడియో నాటకం విన్నవాడు కథల్లో మెరుగుపడొచ్చు. దానివల్ల ఇంజనీరింగ్‌లో ర్యాంకు వస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఇక చెవి సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో ప్యాట్రిషియా గ్రీన్‌ఫీల్డ్, ఆమె సహచరులు 1986లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో మొదట చెప్పుకోవలసింది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఒకే కథను రెండు రకాలుగా అందించారు. కొందరికి రేడియోలోలా వినిపించారు, కొందరికి టీవీలోలా చూపించారు. ముగింపుకు కాస్త ముందు ఆపేసి, తర్వాత ఏం జరిగిందో మీరే చెప్పండన్నారు. విన్న పిల్లల ముగింపుల్లో అసలు కథలో లేని మనుషులు, లేని సంఘటనలు ఎక్కువ వచ్చాయి. చూసిన పిల్లలు కథలో ఉన్నవాటినే అటూ ఇటూ తిప్పారు. ఇదే బృందం పనిలో తేలిన ఇంకో విషయాన్ని ఆడియో అభిమానులు ఎత్తరు. కథలో ఎవరేం చేశారన్నది చూసిన పిల్లలకు బాగా గుర్తుంది. విన్న పిల్లలకు మాటలు గుర్తున్నాయి.

దీంతో ఒక గడుసు అభ్యంతరం పుట్టింది. విన్నవాళ్లు కొత్తవి కల్పించింది ఊహతో కాదు, మరుపుతో అని. కథ సరిగ్గా గుర్తులేక ఖాళీలను సొంత సరుకుతో నింపారని. అభ్యంతరంలో పస ఉంది. మన తాతయ్యలు ఒకే కథను ఏడాదికో రకంగా చెప్పడంలో సృజన ఎంతో, మరుపు ఎంతో ఎవరు తేల్చగలరు? నెదర్లాండ్స్‌లో పాటీ వాల్కెన్‌బర్గ్, జొహాన్నెస్ బెంట్యెస్ 1997లో దీన్ని తేల్చడానికి చక్కటి ఎత్తు వేశారు. కొందరు పిల్లలకు కథను రెండుసార్లు అందించారు. మరుపే కారణమైతే రెండోసారి విన్నాక తేడా పోవాలి. వాళ్ల ఫలితాలు మరుపు వాదాన్ని బలపరచలేదు. కంటికి బొమ్మ అందనప్పుడు పిల్లవాడు తన బొమ్మ తానే గీసుకుంటాడు, ఆ గీసుకోవడంలోంచే కొత్తవి పుడతాయి అన్న వివరణ వైపే మొగ్గాయి.

కెనడాలో ఒక ఊరి కథ ఇంకా ప్రసిద్ధం. కొండల అడ్డంకి వల్ల 1973 దాకా టీవీ సంకేతం అందని ఆ ఊరికి టానిస్ మెక్‌బెత్ విలియమ్స్ తన పరిశోధనలో ‘నోటెల్’ అని మారుపేరు పెట్టింది. టీవీ వచ్చే ముందు, వచ్చిన రెండేళ్లకు, అక్కడి పిల్లలను పక్క ఊళ్ల పిల్లలతో పోల్చి చూసింది. మన గోతం ప్రశ్నలాంటి పరీక్షలో మొదట నోటెల్ పిల్లలది పైచేయి. రెండేళ్లయ్యాక వాళ్లూ అందరి వరసకూ దిగిపోయారు. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. నోటెల్ పిల్లలు టీవీ లేనప్పుడు రేడియో ముందు కూర్చున్నందువల్లే ముందున్నారని ఆ పరిశోధన చెప్పలేదు. టీవీ లేని ఊళ్లో పిల్లలు ఆడుకుంటారు, పెద్దవాళ్ల పనుల్లో చేయి పెడతారు, ఏమీ తోచక కూర్చుంటారు. ఏమీ తోచకపోవడం కూడా ఒక ఎరువే.

నాలుగేళ్లవాడికి చెవి చాలదు

ఇంతవరకు చెవే గెలిచింది. ఇప్పుడు దాన్ని తిరగేసే ఫలితం ఒకటి. సిన్సినాటి పిల్లల ఆస్పత్రిలో జాన్ హటన్ బృందం నాలుగేళ్ల ప్రాయంలో ఉన్న 27 మంది పిల్లలకు ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి కథలు వినిపించింది. ఒకటి మాట మాత్రమే, ఒకటి మాటతో పాటు కదలని బొమ్మలు, ఒకటి కార్టూన్ సినిమా. మెదడులో భాషకు, చూపుకు, ఊహకు సంబంధించిన భాగాలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి పనిచేస్తున్నాయో చూశారు. కార్టూన్‌కు కళ్లూ చెవులూ బాగానే పనిచేశాయి గానీ ఆ భాగాల మధ్య కలిసికట్టుదనం తక్కువ. బొమ్మే అన్నీ చేసిపెడుతుంటే మిగతావాటికి పనేముంటుంది? మాట మాత్రమే ఉన్నప్పుడు భాష భాగం కష్టపడింది, పిల్లలకు అర్థం చేసుకోవడం బరువైంది. కదలని బొమ్మలున్న పుస్తకం దగ్గర మెదడు భాగాలు బాగా కలిసి పనిచేశాయి. చందమామ తిరగేస్తూ పెరిగిన తరానికి ఈ ఫలితం చూస్తే కించిత్తు గర్వం కలుగుతుంది. 1947లో ఆ పత్రిక మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన చక్రపాణి, దాన్ని ఏళ్ల తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు, ఇద్దరిదీ తెనాలే.

హటన్ చెప్పింది నాలుగేళ్ల పిల్లల సంగతి. గ్రీన్‌ఫీల్డ్ చూసింది బడికెళ్లే పిల్లలను. రెంటినీ కలిపి చదివితే కిటుకు దొరుకుతుంది. మాట విని బొమ్మ గీసుకోవాలంటే లోపల సరుకుండాలి. ‘సముద్రం హోరుమంది’ అని వినగానే కొత్తపట్నం, చీరాల ఓడరేవు పిల్లవాడికి చెవిలో అల మోగుతుంది. మాచర్ల పిల్లవాడికి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పటి చప్పుడు గుర్తొస్తుంది, దానితోనే సర్దుకుంటాడు. ఏ నీళ్లూ చూడని మూడేళ్లవాడికి అది ఉత్త శబ్దం. చూసినది, ముట్టుకున్నది, అడిగి తెలుసుకున్నది ఎంత ఉంటే చెవి అంత పని చేస్తుంది. కాబట్టి నా తీర్పు ఇది. అయిదారేళ్ల లోపు పిల్లలకు ఆడియో కథ ఒక్కటే పెట్టి వదిలేయడం వాళ్లమీద మోపిన బరువే. పక్కన బొమ్మల పుస్తకమో, అంతకంటే మేలు మనిషో ఉండాలి. ఏడెనిమిదేళ్లు దాటాక మాట మాత్రమే ఉన్న నాటకం చాలా మంచి కసరత్తు.

బెజవాడ స్టేషన్ నుంచి వినిపించినవి

మద్రాసు రేడియో కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. గుంటూరు జిల్లాకు, తర్వాత దాన్నుంచి కొంత, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత చీల్చి 1970లో ఏర్పరచిన ఒంగోలు జిల్లాకు, విజయవాడే ఇంటి స్టేషను. పంచాయతీ ఆఫీసు ముందు కట్టిన స్పీకరు కింద చేరి జనం ‘పాడిపంటలు’ కార్యక్రమం విన్నారు, నాటకాలు విన్నారు. చిలకమర్తి ‘గణపతి’ నవల నాటకమై వచ్చినప్పుడు నండూరి సుబ్బారావు గొంతులో ఆ గణపతి ఇంటింటి మనిషయ్యాడు. 1970లలో ఆదివారం మధ్యాహ్నాలు ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే భోజనాల వేళలు వాటికి తగ్గట్టు సర్దుకున్న ఇళ్లున్నాయి. ఒక్క గొంతుతో కురుక్షేత్రం నడిపాడాయన. విన్న ప్రతివాడూ యుద్ధాన్ని తన ఊరి నల్లరేగడి చేలోనే పరుచుకున్నాడు.

ఇవన్నీ వినడం గురించి. పిల్లల సృజన అన్నప్పుడు నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది బాలానందం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడుపుతూ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. వాళ్ల కార్యక్రమంలో పిల్లలు వట్టి శ్రోతలు కారు. మైకు ముందు నిలబడి పాడారు, నాటకాలు వేశారు, పొడుపుకథలు వేశారు. రేడియో పెట్టెకు ఇవతల ఉన్న పల్లెటూరి పిల్లవాడికి అందులోంచి అందిన కబురు ఒకటే. ఆ గొంతు నాలాంటివాడిదే, అయితే నేనూ చెయ్యగలను. ఏ పరీక్షలోనూ కొలవని ఈ కబురుకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

చేసే మాటొచ్చింది గనుక శబ్దాల సంగతి కాస్త ఆగి చూద్దాం. రేడియో నాటకంలో గుర్రం పరిగెత్తాలంటే రెండు కొబ్బరి చిప్పలు చాలు. రేకు ఊపితే ఉరుము, గరగరలాడే కాగితం నలిపితే మంట. మన సీమ పిల్లలకు ఇంకా సరుకుంది. చేటలో శనగలు పోసి మెల్లగా వంచితే వాన మొదలవుతుంది, వేగంగా తిప్పితే కుంభవృష్టి. గలగలా ఎండిన మిరపకాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజలు కదులుతాయి. గుప్పెడు కాయలను పలచటి గుడ్డలో మూటగట్టి మైకు దగ్గర ఊపితే పాము పాకినట్టుంటుంది, ఎండుటాకుల్లో ఎవరో నడిచినట్టూ ఉంటుంది. ఏది ఎలా వినపడుతుందో పిల్లలు వాదించుకుంటారు, మార్చి చూస్తారు, కళ్లు మూసుకుని విని తేల్చుకుంటారు. గిల్ఫర్డ్ ప్రశ్న ఇక్కడ పరీక్షలా కాక పనిలా ఎదురవుతుంది. ఈ వస్తువు ఇంకా దేనికి పనికొస్తుంది? వినేవాడి కంటే నాటకం చేసేవాడికి ఊహతో అవసరం ఎక్కువ. ఒక సలహా మాత్రం మరిచిపోవద్దు. ఆ చేతులతో కళ్లు నులుముకోకూడదు. ఇది సిద్ధాంతం కాదు, గుంటూరు కారం.

ఊ కొట్టేవాడు ఎక్కడ?

మన ఇళ్లలో కథ చెప్పేటప్పుడు ఒక షరతుండేది. వినేవాడు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. చెప్పే అమ్మమ్మకు అది నిద్ర పట్టిందో లేదో తెలుసుకునే ఉపాయం, వినేవాడికి అది మధ్యలో దూరే సందు. ‘ఊ... మరి వాడు అన్నం తిన్నాడా?’ అని అడ్డం తగిలితే అమ్మమ్మ రాక్షసుణ్ణి కాసేపు పక్కన పెట్టి అన్నం కథ చెప్పాలి. బుర్రకథలోనూ ఇదే ఏర్పాటు. తంబురా పట్టుకున్న కథకుడికి అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్లు ఊరికే తాళం వేసేవాళ్లు కారు. శ్రోత అడగాల్సిన ప్రశ్నను వాళ్లు అడుగుతారు, కథను నిలదీస్తారు, ఈ ఊరి సంగతి లాక్కొచ్చి దానికి అంటిస్తారు.

గ్రోవర్ వైట్‌హర్స్ట్ 1988లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఈ ఊ కొట్టడానికి ప్రయోగశాల రూపం. రెండేళ్లు అటూ ఇటూ వయసున్న పిల్లల తల్లిదండ్రులకు, పుస్తకం చదివి వినిపించేటప్పుడు అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు మాని, పిల్లవాడు నాలుగు మాటలు మాట్లాడాల్సొచ్చే ప్రశ్నలు వేయమని నేర్పారు. వాడు చెప్పినదాన్ని అందుకుని పెంచమన్నారు. నెల తిరిగేసరికి ఆ పిల్లల మాట మిగతావాళ్లకంటే ముందుకెళ్లింది. పుస్తకాలు అవే, ఇళ్లూ అవే. మారింది పిల్లవాడికి వంతు దొరకడం.

నికరాగువాలో 1970ల నడుమ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు రేడియో ద్వారా లెక్కలు నేర్పినప్పుడు పట్టుకున్న కీలకమూ ఇదే. ప్రశ్న వేసి రేడియో ఆగుతుంది, తరగతి మొత్తం గట్టిగా జవాబు చెబుతుంది, అప్పుడు రేడియో ముందుకు సాగుతుంది. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. మన రాష్ట్రంలోనూ ఆకాశవాణి ద్వారా ‘విందాం నేర్చుకుందాం’ పేరుతో బడిపిల్లలకు పాఠాలు వినిపించారు. 2020లో కొవిడ్‌తో బడులు మూతపడ్డప్పుడు టీవీ, రేడియో పాఠాలు మళ్లీ ఇళ్లకు వచ్చాయి. పక్కన కూర్చుని ‘ఏం చెప్పాడ్రా?’ అని అడిగే మనిషున్న ఇంట్లో అవి పాఠాలయ్యాయి. లేని ఇంట్లో మోగి ఊరుకున్నాయి.

మిరప కల్లాల్లో తాలుకాయ ఏరే ఆడవాళ్ల మధ్య ఇప్పటికీ ఒక ఫోను మోగుతుంటుంది. శబ్దం పెద్దగా రావాలని దాన్ని స్టీలు గిన్నెలో నిలబెడతారు. పాత పద్యనాటకమో, ప్రవచనమో నడుస్తుంటుంది. దాన్ని మధ్యలో ఆపి ‘అదేందమ్మా, చంద్రమతికి అంతమాత్రం తెలియదా?’ అని ఒకామె అంటే ఇంకొకామె హరిశ్చంద్రుణ్ణి వెనకేసుకొస్తుంది. నాటకం కంటే ఆ ఆపడమే పక్కనున్న పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

ఇంటి చదువు, బడి చదువు

కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. ఆ రోజుల్లో పల్నాటి వీరుల కథలు పాడేవాళ్లు వీరవిద్యావంతులు. ఆ కథ తండ్రి నోటినుంచి కొడుకు చెవికి, ఏళ్ల తరబడి వినీ, వంత పాడీ అబ్బిన విద్య. బడి గంటా లేదు, పరీక్షా లేదు. ఇల్లే బడి, చెవే పలక. మార్కాపురం పలకలు దేశమంతా తిరిగిన సీమలోనే పలక అక్కర్లేని ఈ చదువు కూడా సాగింది.

ఇదే నేల మీద షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. పేదరికం, చాలీచాలని బడి చదువు, చిన్నప్పుడే పాట, నాటకం. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు కథలను బుర్రకథలుగా మలిచి, జంగం కథగా ఉన్న పాత రూపానికి కొత్త వేగం తెచ్చాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు. పత్తి ఏకే కులం పేరునే తలెత్తి పెట్టుకున్నాడు.

ఇలాంటి ఉదాహరణ చూపించి ‘చూశారా, బడి లేకపోతేనే సృజన’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. వినికిడి చదువే చదివి పేరు రాకుండా పోయినవాళ్లను మనం లెక్కపెట్టడం లేదు. పైగా నాజర్‌కు గురువులున్నారు, నాటక సమాజాలున్నాయి, తర్వాత ప్రజానాట్యమండలి ఉంది, వేలమంది శ్రోతలున్నారు. వీరవిద్యావంతుల పిల్లవాడికి కఠినమైన క్రమశిక్షణ ఉంది, తప్పు పాడితే అక్కడే దిద్దే పెద్దవాళ్లున్నారు. వాళ్లకు లేనిది బడి ఒక్కటే. చదువు నిండుగానే ఉంది.

ఇంటి చదువుల మీద జరిగిన పరిశోధనల్లో ఒక పెద్ద చిక్కుంది. పిల్లలను ఇంట్లో చదివించే తల్లిదండ్రులు సాధారణంగా చదువుకున్నవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు. పిల్లవాడి మెరుగుదలలో ఇంటి చదువు వాటా ఎంతో, అమ్మ చదువు వాటా ఎంతో విడదీయడం కష్టం. కెనడాలో సాండ్రా మార్టిన్-చాంగ్ బృందం 2011లో ఇంట్లో చదివే 37 మందినీ, బడికెళ్లే 37 మందినీ పోల్చింది. ఇంట్లో ఒక పద్ధతి ప్రకారం చదివినవాళ్లు బడి పిల్లలకంటే ముందున్నారు. పద్ధతీ పాడూ లేకుండా వదిలేసిన కొద్దిమంది వెనకబడ్డారు. అదైనా చదవడం, రాయడం, లెక్కల గురించి. సృజన విషయానికి దగ్గరగా వచ్చేది ఫ్రాన్స్‌లో మాడ్ బెజాన్సన్, టాడ్ ల్యూబార్ట్ 2008లో ప్రచురించిన పరిశీలన. మాంటిస్సోరి పద్ధతి బడుల పిల్లలు సృజన పరీక్షల్లో మామూలు బడుల పిల్లల కంటే మెరుగ్గా చేశారు. వాళ్లంతా బడి పిల్లలే. చదువు ఏ గోడల మధ్య జరిగిందన్నది చిన్న సంగతి, పిల్లవాడి చేతికి ఏం దొరికిందన్నది అసలు సంగతి. స్కూళ్ల ఇన్స్పెక్టరుగా పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’ పుస్తకం రాసి తెలుగు తల్లిదండ్రులను కలవరపెట్టింది కూడా ఇంట్లోనూ బడిలోనూ పిల్లలతో పెద్దలు నడుచుకునే తీరు గురించే.

చట్టం సంగతి క్లుప్తంగా. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య వాళ్ల హక్కు. ఇంట్లో చదివించేవాళ్లకు ఆ తర్వాత సర్టిఫికెట్ కావాలంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, 1991లో మొదలైన రాష్ట్ర ఓపెన్ స్కూలు ఉన్నాయి. చదువుకున్న తల్లిదండ్రులకు ఆ దారి తెలుసు. వాళ్ల గురించి నాకు పెద్ద దిగులు లేదు.

దిగులు ఇంకొకరి గురించి. పత్తి తీతకు, ఆ తర్వాత జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలకు, కర్నూలు పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలకు వలస వస్తాయి. పిల్లలూ వస్తారు. చేలగట్ల మీద గుడారాల్లో నెలల తరబడి ఉంటారు. వీళ్లూ బడికి వెళ్లని పిల్లలే, తల్లిదండ్రుల దగ్గరే పెరుగుతున్న పిల్లలే, రాత్రి ఫోనులో పాటలూ కథలూ వింటున్న పిల్లలే. దాన్ని ఎవరూ ఇంటి చదువు అనరు, అనకూడదు కూడా. వినడానికి గొంతులున్నాయి గానీ, తిరిగి అడిగి చెప్పించుకునే తీరిక పొద్దు పొడిచింది మొదలు కోతలో ఉన్న అమ్మానాన్నలకు ఎక్కడిది? చెవి మాత్రమే ఉండి, వంతు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు.

వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. అక్కడ పిల్లలకు సాయంత్రాలు ఖాళీ, పెద్దవాళ్లు దూరం. ఇది చదివే ఉపాధ్యాయుల్లో ఎవరికైనా అటువంటి హాస్టలు బాధ్యత ఉంటే ఒక పని చేయండి. రికార్డు చేసుకునే ఫోను ఒకటి, చిన్న స్పీకరు ఒకటి, చేట, శనగలు, రెండు కొబ్బరి చిప్పలు పిల్లల చేతికివ్వండి. వారానికో కథ మీరు చెప్పండి, మిగతాది వాళ్లు నాటకంగా చేసి రికార్డు చేయనివ్వండి. ఆ ఫైలును గుంటూరు చేలల్లో ఉన్న వాళ్ల అమ్మానాన్నల ఫోన్లకు పంపండి. వాళ్లు విని ఏమన్నారో మర్నాడు పిల్లల్ని అడగండి.